టెలిమెట్రీ వార్డు నుంచి నర్స్ అనస్థీషియాకు దారి ఎటు?

మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ఇది. నెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ చదివారు. అమెరికాలో నర్సు లైసెన్సుకు పెట్టే ఎన్‌క్లెక్స్ పరీక్ష రాసి, రెండేళ్ల క్రితం గ్రీన్ కార్డు మీద టెక్సస్ వచ్చి, రోగుల గుండె లయను నిరంతరం తెర మీద గమనించే టెలిమెట్రీ వార్డులో రాత్రి డ్యూటీలు చేస్తున్నారు. వయసు 33, నాలుగేళ్ల పాప ఉంది, డిగ్రీలో 62 శాతం మార్కులు. నర్స్ అనస్థీషియా, అంటే ఆపరేషన్లలో రోగికి మత్తు ఇచ్చే నర్సు చదువు, చదవాలని బలంగా ఉంది, ఐసీయూ నర్సులు రాసే సీసీఆర్‌ఎన్ పరీక్షకు పుస్తకాలు కూడా కొన్నారు. ఇది మీకు అందేదేనా, అందేదైతే దేనితో మొదలుపెట్టాలి?

అందుతుంది. అయితే ఇప్పుడున్న వార్డులోనే ఉండిపోతే అందదు. ముందు ఐసీయూకు మారండి, మిగతా పనులన్నీ ఆ తర్వాతే. ఆ పుస్తకాలను ప్రస్తుతానికి అరలో పెట్టండి. ఐసీయూలో కనీసం రెండేళ్లు, దరఖాస్తుకూ కోర్సు మొదలవడానికీ మధ్య దాదాపు ఏడాది, చదువు మూడేళ్లు. కొంత కలిసివచ్చినా ఐదారేళ్ల ప్రయాణం. వయసు గురించి దిగులు పడకండి. నాతో చదివిన వారిలో 44 ఏళ్ల ముగ్గురు పిల్లల తల్లి ఉండేవారు. మా తరగతిలో అందరికంటే నిబ్బరంగా పనిచేసింది ఆవిడే.

నేనూ గుంటూరు జిల్లా నుంచి వచ్చిన నర్సునే. తొమ్మిదేళ్లుగా మత్తు ఇచ్చే పనిలో ఉన్నాను, ఆరేళ్లుగా విద్యార్థులకు ఆపరేషన్ థియేటర్‌లో పని నేర్పుతున్నాను, మూడు సార్లు ప్రవేశ ఇంటర్వ్యూల్లో ప్రశ్నలు అడిగే వైపు కూర్చున్నాను. కింద రాసేదంతా ఆ అనుభవం నుంచే.

మొదట ఈ పని గురించి ఒక మాట. మీరు చెప్పగానే ఇంట్లోవాళ్లు "మత్తు ఇచ్చేది డాక్టరు కదా, నర్సు ఎలా ఇస్తుంది?" అని తప్పకుండా అడుగుతారు. మన దేశంలో అది నిజమే. అక్కడ మత్తు వైద్యం ఎండీ అనస్థీషియా చేసిన డాక్టర్ల పని, నర్సుకు అలాంటి పాత్ర లేదు. అమెరికాలో మాత్రం ఇది పాత వృత్తి. 1877లోనే పెన్సిల్వేనియాలోని ఈరీలో సిస్టర్ మేరీ బెర్నార్డ్ అనే నర్సు ఈ పని చేపట్టారు. మేయో క్లినిక్ సర్జన్లైన మేయో సోదరుల దగ్గర పనిచేసిన ఆలిస్ మెగా అనే నర్సు పద్నాలుగు వేలకు పైగా ఆపరేషన్లలో మత్తు వల్ల ఒక్క మరణమూ లేకుండా నెట్టుకొచ్చిన అనుభవాన్ని 1906లో ప్రచురించారు. ఇలా మత్తు ఇచ్చే నర్సుకు సీఆర్‌ఎన్‌ఏ అనే హోదా 1956 నుంచి వాడుకలో ఉంది. ఇప్పటికీ చాలా పల్లె ఆసుపత్రుల్లో మత్తు ఇచ్చేది సీఆర్‌ఎన్‌ఏ ఒక్కరే. పెద్ద ఆసుపత్రుల్లో మత్తు డాక్టర్లతో కలిసి బృందంగా పనిచేస్తాం. అక్కడ కూడా డాక్టరు మూడు నాలుగు గదులు చూసుకుంటుంటే, ఆపరేషన్ సాగినంతసేపు రోగి తల దగ్గర ఉండేది మనమే. ఎవరికో చేతి సాయంగా ఉండే ఉద్యోగం అనుకుని మాత్రం రావద్దు.

ఇప్పుడు ఐసీయూ సంగతి. నియమం ప్రకారం చదువులో చేరేనాటికి పూర్తికాల క్రిటికల్ కేర్ అనుభవం కనీసం ఒక ఏడాది ఉండాలి. ఏడాదితో సీటు సంపాదించినవారు ఉన్నారు, కానీ రెండు మూడేళ్లు చేసినవారే ఎక్కువ, వారే చదువులో తట్టుకుంటారు కూడా. మీ టెలిమెట్రీ అనుభవం వృథా కాదు. ఈసీజీ చదవడం మీ కళ్లకు అలవాటైపోయి ఉంటుంది. కానీ క్రిటికల్ కేర్ కింద దాన్ని లెక్కించరు.

ఏ ఐసీయూ అంటే, రోగులు బాగా జబ్బుగా ఉండే ఐసీయూ. గుండె శస్త్రచికిత్స ఐసీయూ అయితే మంచిది. సర్జికల్, మెడికల్, న్యూరో ఏదైనా పరవాలేదు. అత్యవసర విభాగం, నవజాత శిశువుల విభాగం కొన్ని కళాశాలలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. మీ ఆసుపత్రిలోనే ఖాళీ ఉంటే అది అన్నిటికంటే సులువు. మేనేజరును సూటిగా రెండు ప్రశ్నలు అడగండి: ఒక్కో నర్సుకు ఎందరు రోగులు, వాళ్లలో వెంటిలేటర్ మీద, రక్తపోటు నిలబెట్టే మందుల మీద ఉండేవారు ఎందరు? ఊళ్లో పేరున్న ఆసుపత్రి, కానీ ఐసీయూలో సగం మంది రేపో మాపో వార్డుకు వెళ్లేవారు అయితే అక్కడ రెండేళ్లు ఉన్నా మీకు అందేది తక్కువ.

ఐసీయూలో చేరడం వేరు, అక్కడ నేర్చుకోవడం వేరు. బీపీ నిలబెట్టే మందు నోర్‌ఎపినెఫ్రిన్ ఎక్కుతోంది, బీపీ తగ్గింది, ఆర్డరు ప్రకారం మీరు మోతాదు పెంచారు. పని సరిగ్గానే చేశారు. కానీ అది ఏ గ్రాహకం (రెసెప్టర్) మీద పనిచేసింది? రక్తనాళాలు బిగిశాయా, గుండె గట్టిగా కొట్టుకుందా? వేసోప్రెసిన్ అనే ఇంకో మందు కలపమని డాక్టరు ఎందుకన్నారు, ఇంకాస్త నోర్‌ఎపినెఫ్రిన్ ఎందుకు చాలదనుకున్నారు? ఈ రోగికి ముందు సెలైన్ కావాలా, మందు కావాలా? వెంటిలేటర్ మీద ప్లేటో పీడనం (గాలి లోపలికి వెళ్లి ఆగినప్పుడు ఊపిరితిత్తుల్లో ఉండే పీడనం) 30 దాటకూడదంటారు, దాటితే లోపల ఏం జరుగుతుంది? ప్రతి డ్యూటీలో ఇలాంటి ప్రశ్న ఒక్కటి రాసుకుని, ఇంటికి వెళ్లాక జవాబు వెతికి, మర్నాడు డాక్టరుతోనో అనుభవమున్న నర్సుతోనో సరిచూసుకోండి. నేను రెండేళ్లలో మూడు నోటు పుస్తకాలు నింపాను. తర్వాత ఇంటర్వ్యూకి చదివింది వాటినే.

ఒక పాఠం మాత్రం పుస్తకంలో కాదు, తప్పు చేసి నేర్చుకున్నాను. ఐసీయూలో నా రెండో ఏడాది. గుండె ఆపరేషన్ అయిన రోగి, మణికట్టు ధమనిలో బీపీ లైను. అందులోని పీడనాన్ని తెర మీద అంకెగా మార్చే ట్రాన్స్‌డ్యూసర్ సెలైన్ స్టాండుకు బిగించి ఉంది. మంచం ఎత్తులో ఉన్నప్పుడు దాన్ని గుండె ఎత్తుకు సరిచేశాను. తర్వాత రోగి సౌకర్యం కోసం మంచాన్ని ఒక అడుగు కిందికి దించాను, స్టాండు సంగతి మరిచిపోయాను. తెర మీద సగటు బీపీ 70 నుంచి 48కి పడిపోయింది. నాకు గుండె ఝల్లుమంది. నోర్‌ఎపినెఫ్రిన్ రెండుసార్లు పెంచాను, 66 కనిపించాక ఊపిరి పీల్చుకున్నాను. పక్క రోగిని చూసుకుంటున్న పెద్దావిడ వచ్చి, ఏమీ అనకుండా చేతికి పట్టీ చుట్టి కొలిచారు. సగటు బీపీ 88. ట్రాన్స్‌డ్యూసర్ గుండె కంటే పది సెంటీమీటర్లు పైన ఉంటే బీపీ దాదాపు ఏడున్నర మిల్లీమీటర్లు తక్కువగా చూపిస్తుంది. అడుగు ఎత్తుకు 22 పైమాటే. అసలు బీపీ పడనే లేదు. కొత్తగా వేసిన కుట్ల మీద పావుగంట సేపు నేను అనవసరమైన ఒత్తిడి పెట్టాను. రోగికి అదృష్టవశాత్తు ఏమీ కాలేదు. ఆరోజు నుంచి ఏ అంకె కనిపించినా ముందు రోగిని చూస్తాను, తర్వాత ఆ అంకె ఎక్కడి నుంచి వస్తోందో చూస్తాను, ఆ తర్వాతే మందు మీద చేయి వేస్తాను.

ఒకే గుర్తును నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పే పాత కథ మన హైదరాబాదులోనే ఉంది. క్లోరోఫాం వల్ల రోగులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి నిజాం ప్రభుత్వ సాయంతో బ్రిటిష్ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో ఒకటి, 1889లో ఒకటి చొప్పున రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ చదివింది ఆయన ప్రిన్సిపాల్‌గా ఉన్న వైద్య పాఠశాలలోనే. శ్వాసను గమనిస్తే చాలు, ముందు ఆగేది ఊపిరే, నాడి చూడనక్కర్లేదు అని ఆ కమిషన్లు తేల్చాయి. అనేక జంతువుల మీద శ్రద్ధగా చేసిన ప్రయోగాలవి. కానీ తక్కువ మోతాదు క్లోరోఫాం మత్తులో గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ అనే బ్రిటిష్ వైద్యుడు చూపించారు. శ్వాస మీద అంత దృష్టి పెట్టడం గొప్ప విషయమే, గుండెను వదిలేయడమే ప్రమాదమైంది. నా దగ్గరికి వచ్చే ప్రతి విద్యార్థికీ మొదటి వారం ఈ కథ చెబుతాను.

ఇంటర్వ్యూల్లో మేము వెతికేది కూడా ఈ ఆలోచననే. "ఫినైలెఫ్రిన్ ఇచ్చారు, బీపీ పెరిగింది, గుండె వేగం ఎందుకు తగ్గింది?" అని అడుగుతాం. పీడనం పెరిగినట్టు మెడ ధమనిలోని గ్రాహకాలు మెదడుకు చెబుతాయి, వేగస్ నాడి గుండెను నెమ్మదింపజేస్తుంది అని చెప్పగలిగితే మంచిది. తెలియకపోతే తెలియదని చెప్పి, తెలిసినంతవరకు పైకి ఆలోచించండి. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పే మనిషికి థియేటర్‌లో ఒంటరిగా మత్తు అప్పగించడానికి నాకు చేయి రాదు. ఇంకొక ప్రశ్న తప్పకుండా వస్తుంది: మీరు చేసిన ఒక పొరపాటు చెప్పండి. మొదటి ఏడాది నేను భయపడి, చెప్పుకోదగ్గవి ఏమీ లేవన్నాను. సీటు రాలేదు. మరుసటి ఏడాది ట్రాన్స్‌డ్యూసర్ కథ ఉన్నదున్నట్టు చెప్పాను. అటువైపు కూర్చున్నవారు దాని మీదే ఇరవై నిమిషాలు ప్రశ్నలు వేశారు, వారం తర్వాత సీటు ఇచ్చారు. మనవాళ్లలో చాలామంది తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందని పెరిగినవాళ్లం. ఆ అలవాటును ఇప్పటినుంచే వదిలించుకోవడం మొదలుపెట్టండి.

మార్కుల మాటకొస్తే, 62 శాతం అంటే తక్కువని మీకు మీరే తీర్పు ఇచ్చుకోకండి. విదేశీ డిగ్రీని మదింపు చేసే సంస్థలు మన దేశపు మార్కుల పద్ధతిని దృష్టిలో పెట్టుకునే జీపీఏ (4.0కు సగటు గ్రేడు) లెక్క కడతాయి. సబ్జెక్టుల వారీ మదింపే తీసుకోండి, వెంటనే తీసుకోండి, ఎందుకంటే మన విశ్వవిద్యాలయాల నుంచి కాగితాలు రావడానికి నెలలు పట్టవచ్చు. చాలా కళాశాలలు కనీసం 3.0 అడుగుతాయి, ప్రత్యేకించి సైన్సు సబ్జెక్టులు చూస్తాయి. మీరు కాలేజీ వదిలి పదేళ్లు దాటి ఉంటుంది కాబట్టి, లెక్క ఎలా తేలినా ఇక్కడి కళాశాలలో కెమిస్ట్రీ ఒకటి, పై స్థాయి ఫిజియాలజీ లేదా ఫార్మకాలజీ ఒకటి చదివి 'A' గ్రేడు తెచ్చుకోండి. పాత మార్కుల కంటే కొత్త మార్కులే ఎక్కువ మాట్లాడతాయి. స్టాటిస్టిక్స్ చాలాచోట్ల అడుగుతారు. జీఆర్‌ఈ కొన్నిచోట్లే. దరఖాస్తు చేయాలనుకునే ఐదారు కళాశాలల నియమాలు పక్కపక్కన రాసుకుంటే ఏ కోర్సు నిజంగా అవసరమో తేలిపోతుంది. బీఎస్సీ కాకుండా జీఎన్‌ఎం డిప్లొమా చేసి వచ్చినవారు ఎవరైనా ఇది చదువుతుంటే, మీరు ముందు ఇక్కడ బ్యాచిలర్ డిగ్రీ పూర్తిచేయాలి.

ఫిజిక్స్ అంటే చాలామంది బెదురుతారు. మన వంటింట్లోనే సగం ఫిజిక్స్ ఉంది. గ్యాస్ బండలో ఎంత మిగిలిందో ఇంట్లో అమ్మ ఎలా తెలుసుకునేది? ఊపి చూసేది, ఎత్తి చూసేది. లోపల ద్రవం ఉన్నంతకాలం పీడనం మారదు కాబట్టి మంట చివరిదాకా ఒకేలా వస్తుంది. నైట్రస్ ఆక్సైడ్ సిలిండరూ అంతే. మామూలు గది ఉష్ణోగ్రతలో దాని గేజి 745 పీఎస్‌ఐ దగ్గరే నిలబడి ఉంటుంది, ద్రవమంతా అయిపోయాక గానీ పడదు. మిగిలింది తెలియాలంటే తూచాలి. ఆక్సిజన్ సిలిండర్‌లో ఉండేది వాయువే కాబట్టి వాడినకొద్దీ గేజి తగ్గుతూ వస్తుంది. ఈ రెండింటి తేడా మీకు ఇప్పటికే తెలుసు, పేర్లు తెలియవు, అంతే.

సీసీఆర్‌ఎన్ ఇప్పుడు ఎందుకు వద్దన్నానంటే, ఆ పరీక్షకు మీరు ప్రస్తుతం అర్హులు కారు. గత రెండేళ్లలో తీవ్ర అస్వస్థుల సంరక్షణలో 1,750 గంటలు, అందులో సగం చివరి ఏడాదిలో చేసి ఉండాలి. లేదా ఐదేళ్లలో 2,000 గంటలు. మీ వార్డు అనుభవానికి సరిపోయేది పీసీసీఎన్ అనే వేరే పరీక్ష, దానికి ఇప్పుడు డబ్బు పెట్టమని నేను చెప్పను. ఐసీయూలో ఏడాది గడిచాక సీసీఆర్‌ఎన్ చదవడం మొదలుపెడితే పుస్తకంలో ప్రతి పేజీకీ మీకు ఒక రోగి గుర్తొస్తాడు. అప్పుడు చదువు నిలుస్తుంది.

చదువు ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి. నా రోజుల్లో మాస్టర్స్ సరిపోయేది. 2022 నుంచి కొత్తగా చేరేవారందరికీ డాక్టరేట్ తప్పనిసరి, కనీసం 36 నెలలు. క్లినికల్‌లో కనీసం 600 కేసులు, 2,000 గంటలు చేయాలి. చివర జాతీయ పరీక్ష. మొదటి నెలల్లో అందరికీ గొంతులో ట్యూబు వేయడం మీదే మోజు. నేను మాత్రం మాస్కుతో ఊపిరి ఇవ్వడాన్ని ముందు పెడతాను. విద్యార్థిగా నా మొదటి వారంలో ప్రొపొఫాల్ అనే మత్తు మందు ఇచ్చాక రోగి ఛాతీ కదలలేదు, నేను బ్యాగు పిండుతూనే ఉన్నాను, గాలి వెళ్లడం లేదు. నేర్పే ఆవిడ రోగి దవడను రెండు చేతులతో ముందుకు లాగి, నోట్లో గాలి దారిని తెరిచి ఉంచే ఎయిర్‌వే గొట్టం పెట్టమన్నారు. ఛాతీ లేచింది. ట్యూబు వేయలేకపోయినా మాస్కుతో ఊపిరి ఇవ్వగలిగితే ఆలోచించుకోవడానికి సమయం దొరుకుతుంది. మీ ఐసీయూలో రెస్పిరేటరీ థెరపిస్టులతో స్నేహం చేసుకోండి, అవకాశం వచ్చినప్పుడల్లా బ్యాగు మీ చేతికి ఇవ్వమని అడగండి.

డబ్బు, ఇల్లు. ఇవి దాచి మాట్లాడితే మీకు అన్యాయం చేసినట్టే. ఆ మూడేళ్లు ఉద్యోగం చేయవద్దని చాలా కళాశాలలు చెబుతాయి, చేయడం దాదాపు సాధ్యం కూడా కాదు. ఫీజులు చాలాచోట్ల లక్ష డాలర్లు దాటుతాయి, కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో రెండు లక్షలకు పోతాయి. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఫెడరల్ విద్యారుణాలకు మీకు అర్హత ఉంది. అయితే ఫీజు మొత్తానికీ అప్పు ఇచ్చే గ్రాడ్ ప్లస్ పథకాన్ని 2025 నాటి చట్టం ఎత్తేసింది, 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి అది లేదు. మిగిలిన రుణాలకు పరిమితి ఉంటుంది. కాబట్టి ఐసీయూలో ఉండే ఈ రెండేళ్లు పొదుపు చేసే రెండేళ్లు కూడా కావాలి. కారు పాతదే ఉంచండి, ఇల్లు కొనడం వాయిదా వేయండి. చదువు పూర్తయ్యాక జీతం ఏడాదికి రెండు లక్షల డాలర్లు దాటడం ఇప్పుడు మామూలే, అప్పు తీరుతుంది. కానీ జీతం ఒక్కటే చూసి వచ్చినవారు రెండో ఏడాదిలో, తెల్లవారుజామున నాలుగింటికి లేచే రోజుల్లో చాలా కుంగిపోవడం చూశాను.

పాప గురించి. మా అబ్బాయికి మూడేళ్లప్పుడు నేను చేరాను. మా అమ్మ ఆరు నెలలు, తర్వాత మా అత్తగారు ఆరు నెలలు వచ్చి ఉన్నారు. విజిటర్ వీసా మీద సాధారణంగా ఒక్కసారికి ఆరు నెలలే కాబట్టి వాళ్ల రాకను క్లినికల్ రోటేషన్లకు సరిపడేలా ముందే లెక్క వేసుకోండి. మొదటి ఏడాది ఎక్కువగా తరగతులు, అది మీరూ మీ వారూ నెట్టుకురాగలరు. సాయం నిజంగా కావలసింది రెండో ఏడాది నుంచి. మీ వారితో ఇప్పుడే కూర్చుని, వంట ఎవరు, స్కూలు దగ్గర దించేది ఎవరు, జ్వరం వస్తే సెలవు పెట్టేది ఎవరు అన్నది కాగితం మీద రాసుకోండి. నోటి మాటగా వదిలేస్తే చివరికి అన్నీ మీ మీదే పడతాయి.

మీ చెల్లెలు ఇంటి దగ్గర బీఎస్సీ అనస్థీషియా టెక్నాలజీలో చేరాలనుకుంటోందని కూడా రాశారు. అది మంచి కోర్సే, థియేటర్‌లో యంత్రాలు, మందులు, పరికరాలు సిద్ధం చేసే నైపుణ్యం వస్తుంది. కానీ దాని నుంచి అమెరికాలో నర్స్ అనస్థీషియాకు దారి లేదు. మీ బాటలో రావాలనుకుంటే ఆమె బీఎస్సీ నర్సింగే చదవాలి. ఈ సంగతి ఫీజు కట్టకముందే ఆమెకు చెప్పండి.

చివరగా, ఐసీయూ బదిలీ దరఖాస్తు పెట్టిన వారంలోనే ఇంకో పని చేయండి. మీరు ఇప్పటిదాకా ఈ పనిని దగ్గర నుంచి చూడలేదని మీ ప్రశ్నలోనే ఉంది. మీ ఆసుపత్రి అనస్థీషియా విభాగానికి ఫోన్ చేసి, ఒక సీఆర్‌ఎన్‌ఏ వెంట రోజంతా ఉండటానికి అనుమతి అడగండి. చాలా కళాశాలలు దరఖాస్తులో దీన్ని అడుగుతాయి కూడా. ఉదయం ఆరింటికల్లా వెళ్లండి, మొదటి రోగి రాకముందు యంత్రాన్ని ఎలా పరీక్షిస్తారో చూడాలి. కడుపునిండా తిని వెళ్లండి, థియేటర్ చల్లగా ఉంటుంది. నీలం బట్ట పరిచిందంటే అది క్రిమిరహితంగా ఉంచిన చోటు, దేనికీ మూరెడు దూరంలోకి వెళ్లకండి. రోగికి మత్తు ఎక్కేటప్పుడు అందరూ తెర వైపు చూస్తారు, మీరు మత్తు ఇచ్చేవారి చేతులు చూడండి. మధ్యాహ్నం మూడో కేసు, ఏమీ జరగకుండా రెండు గంటలు సాగే కేసు, అప్పుడు కూడా మీకు అక్కడి నుంచి కదలాలనిపించకపోతే నాకు మళ్లీ రాయండి. మీ ఊరికి దగ్గరలోని కళాశాలల నియమాలు కలిసి చూద్దాం.